మంచు చిరుతను మొదట చూసిందెవరు?

పాఠంలో మంచు చిరుత బొమ్మ వచ్చినప్పుడల్లా మా బడిపిల్లలు ఒకటే అడుగుతారు: "మాస్టారూ, దీన్ని మొదట ఎవరు చూశారు?"

పుస్తకాల ప్రకారమైతే, 1775లో ష్రెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. 1970 డిసెంబరులో జార్జ్ షాలర్ అనే పరిశోధకుడు పాకిస్తాన్‌లోని చిత్రాల్ కొండల్లో ఒక తల్లినీ పిల్లనూ చూశాడు. మేకను ఎరగా పెట్టి, గడ్డకట్టే చలిలో దాదాపు వారం కాపు కాసి ఫోటోలు తీశాడు. 1971 నవంబరులో అవి నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో అచ్చయ్యాయి. కొండల్లో స్వేచ్ఛగా తిరిగే మంచు చిరుతను లోకం ఫోటోలో చూడటం అదే మొదలంటారు. నాకైతే అది చదివినప్పుడు ఆ మేకను పెంచినవాళ్లు ఎవరో అనిపించింది.

ఎందుకంటే లడఖ్, స్పితి కాపరులు దాన్ని తరతరాలుగా చూస్తూనే ఉన్నారు. లడఖ్‌లో దాని పేరు షన్. వాళ్లకది అపురూపమైన జంతువు కాదు, నష్టం. రాత్రిపూట దొడ్డిలోకి దూకిందంటే ఒక్కదానితో ఆగదు. జీవాలు బెదిరి అటూ ఇటూ పరుగెత్తేకొద్దీ వరసగా చంపుతుంది. ఏళ్ల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే దొరికిన చిరుతను కొట్టి చంపేవారు. దాన్ని క్రూరత్వం అనడం తేలిక. మేకలు పోయిన ఇంట్లో కూర్చుని అనగలమా?

1982లో రాడ్నీ జాక్సన్ నేపాల్‌లో చిరుతల మెడకు రేడియో పట్టీలు కట్టి, అవి తిరిగే చోట్లు తెలుసుకోవడం మొదలుపెట్టాడు. అవి నడిచే దారిలో కాలు పడితే ఫోటో తీసే కెమెరాలు అమర్చాడు. విద్య పెరిగింది గానీ, దొడ్డి మాత్రం అలాగే ఉంది.

దొడ్డి సంగతి పట్టించుకున్నాకే అసలు మార్పు వచ్చింది. లడఖ్‌లో దొడ్లపైన ఇనుప వల కప్పించారు. రిన్‌చెన్ వాంగ్‌చుక్ చొరవతో 2002 నుంచి, చిరుతను చూడ్డానికి వచ్చేవాళ్లు ఊరివాళ్ల ఇళ్లలోనే బస చేసి డబ్బు కట్టే పద్ధతి మొదలైంది. స్పితిలోని కిబ్బర్ ఊరివాళ్లు తమ మేత భూమిలో కొంత అడవి జీవాలకు వదిలారు. పశువులకు బీమా పెట్టుకుని, తమ వంతు సొమ్ము తామే కట్టారు.

2019–2023 మధ్య దేశంలో 1,971 చోట్ల కెమెరాలు పెట్టారు. ఏ రెండు చిరుతల మచ్చలూ ఒకేలా ఉండవు. ఆ మచ్చలను బట్టే 241 చిరుతలను విడివిడిగా గుర్తించి, మొత్తం 718 ఉంటాయని అంచనా కట్టారు. మన నల్లమలలో పులి అడుగు చూసి దారి చెప్పే చెంచుల్లాగే, అక్కడా కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్పగలిగేది స్థానికులే.

ఇప్పుడు కిబ్బర్ ఆడవాళ్లు కొండెక్కి కెమెరాలు కట్టి వస్తున్నారు. ఇళ్ల పనులయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో ఫోటోలో ఉన్నదేమిటో గుర్తించి నమోదు చేస్తున్నారు. ఈసారి పిల్లలు అడిగితే ముందు వాళ్ల సంగతే చెబుతాను. షాలర్ పాఠం ఆ తర్వాత.