కేబుల్ తీసేశాక ఏది పెట్టుకోవాలి?

కేబుల్ తీసేశాం, ఏ యాప్‌కి కట్టాలని అడుగుతున్నారు. కాస్త వెనక్కెళ్దాం.

1975 ఆగస్టులో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ వచ్చింది. అందులో మన ఉమ్మడి రాష్ట్రం పల్లెలూ ఉన్నాయి. ఊరంతటికీ ఒక్క పెట్టె. సేద్యం, ఆరోగ్యం గురించి చెప్పేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం వెళ్లిపోయింది, ప్రసారం ఆగింది. తర్వాత 1977లో హైదరాబాద్ దూరదర్శన్, 1995లో ఈటీవీ, జెమినీ, వాటి వెనకే ఇంటింటికీ కేబుల్. 2020లో ఆహా.

యాప్‌లూ ఆ ఉపగ్రహం లాంటివే. డబ్బు ఆపితే ఏమీ మిగలదు. పోయినేడు మేం రెండింటికి ఏడాది చందా ముందే కట్టేశాం. నాట్లు, కలుపు, కోతల రోజుల్లో చూసిందెవరు?

అందుకే చెబుతున్నా. వార్తలకి డీడీ ఫ్రీ డిష్ పెట్టుకోండి, నెలనెలా కట్టే పన్లేదు. పంట చేతికొచ్చాక ఒక్క యాప్, ఒక్క నెల. చాలు. మీరేమంటారు?