ఇల్లు ఎవరి వంతు?

తూర్పు లండన్‌లోని ఆర్నాల్డ్ సర్కస్‌లో గుండ్రటి దిబ్బ, దాని మీద బ్యాండ్‌స్టాండ్, చుట్టూ ఎర్ర ఇటుకల మేడలు కనిపిస్తాయి. ఓల్డ్ నికల్ అనే మురికివాడను కూల్చగా మిగిలిన శిథిలాలను పోసి ఆ దిబ్బ కట్టారు. వాడ ఉన్న చోట లండన్ కౌంటీ కౌన్సిల్ కట్టించిన బౌండరీ ఎస్టేట్‌ను 1900లో వేల్స్ యువరాజు ప్రారంభించాడు. వాడలోంచి ఖాళీ చేయించింది 5,719 మందిని. వాళ్లలో కొత్త మేడల్లో ఇల్లు దక్కింది 11 మందికి.

తక్కినవాళ్లు పక్క వాడలకు పోయి, అంతకంటే ఇరుకు గదుల్లో తల దాచుకున్నారు. కొత్త ఇళ్ల అద్దె వాళ్ల తాహతుకు మించింది. గుమాస్తాలు, పోలీసులు, నర్సులు, పనితనం తెలిసిన కార్మికులు వచ్చి చేరారు. పేదల పేరు చెప్పి కట్టిన ఇంట్లో కాస్త కలిగినవాళ్లు దిగడం మనం వినని కథేమీ కాదు.

బ్రిటన్‌లో కౌన్సిల్ ఇల్లంటే అద్దె ఇల్లు. యజమాని స్థానిక కౌన్సిల్. అద్దె బయటికంటే తక్కువ, ఒకసారి దక్కితే ఎవరూ ఊరికే ఖాళీ చేయించరు. అందుకే ఎప్పుడూ ఇళ్లకంటే దరఖాస్తులే ఎక్కువ. మరి ముందు ఎవరికివ్వాలి? నూరేళ్లకు పైగా కౌన్సిళ్లు ఈ ప్రశ్నకు జవాబు మారుస్తూనే ఉన్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, వీరులకు తగిన ఇళ్లు కట్టిస్తామన్న నినాదంతో 1919లో ఆడిసన్ చట్టం వచ్చింది. కౌన్సిళ్లకు సర్కారు సొమ్ము అందింది. 1921-35 మధ్య లండన్ శివార్లలోని బెకన్‌ట్రీలో దాదాపు 26 వేల ఇళ్లు లేచాయి. కానీ అద్దె క్రమం తప్పకుండా కట్టగలిగే కుటుంబాలకే అక్కడ చోటు. నిఖార్సయిన పేదవాడి వంతు 1930లో గ్రీన్‌వుడ్ చట్టం మురికివాడల కూల్చివేతకు దిగాకే వచ్చింది. వాడ కూలిస్తే అందులోని జనానికి ఇల్లు చూపించాలి. అది కూడా మర్యాదగా ఏమీ జరగలేదు. చాలా పట్టణాల్లో మంచాలు, పరుపులు, కుర్చీలను మూసేసిన వ్యాన్‌లోకి ఎక్కించి, నల్లులు చావడానికి హైడ్రోజన్ సైనైడ్ పొగ పట్టించి, ఆ తర్వాతే కొత్త ఇంట్లోకి పంపేవాళ్లు. సామాను ఏ వ్యాన్‌లో దిగిందో వీధి వీధంతా చూసేది.

1935 చట్టం ఇరుకు కొంపల్లో ఉన్నవాళ్లకు, పెద్ద కుటుంబాలకు, పాడుబడిన ఇళ్లలో బతుకుతున్నవాళ్లకు తగినంత ప్రాధాన్యం ఇవ్వాలంది. ఇరుకు అంటే ఏమిటో లెక్క కూడా కట్టింది. ఏడాది నిండని పాపాయి లెక్కలోకే రాదు. పదేళ్లలోపు పిల్లలు ఒక్కొక్కరు అర మనిషి. పడక వేసుకునే వీలుంటే ముందు గది కూడా పడకగదే. మూడు గదులకు అయిదుగురు. అంటే గదులు మరీ చిన్నవి కాకపోతే భార్యాభర్తలు, పదేళ్లలోపు పిల్లలు ఆరుగురు మూడు గదుల్లో సర్దుకున్నా అది ఇరుకు కాదు! నేటికీ చట్టంలో ఉన్నది దాదాపు ఇదే లెక్క.

రెండో యుద్ధం తర్వాత జాబితాలు కొండవీటి చాంతాడంత అయ్యాయి. అప్పుడు ఊరూరా పాయింట్ల పద్ధతి పాకింది. గదులు చాలకపోతే ఇన్ని, స్నానాల గది లేకపోతే ఇన్ని, జబ్బుకు ఇన్ని, ఎదురుచూసిన ప్రతి ఏడాదికీ ఇన్ని. కాగితం మీద చూస్తే నిష్పక్షపాతమే. అయితే చాలాచోట్ల కౌన్సిల్ తరఫున ఒక ఉద్యోగి ఇంటికొచ్చి చూసి వెళ్లేవారు. ఇల్లు శుభ్రంగా ఉందా, సామాను ఎలాంటిది, అద్దె బాకీ ఉందా అని నమోదు చేసేవారు. నీటుగా కనిపిస్తే కొత్త ఇల్లు, లేకపోతే పాత కొంప. బర్మింగ్‌హామ్‌లో అయిదేళ్లు ఊళ్లో ఉంటేనే జాబితాలో చోటు. కరీబియన్ నుంచీ భారత ఉపఖండం నుంచీ అప్పుడప్పుడే దిగినవాళ్లకు ఆ తలుపు మూసుకుపోయింది. ఆ ఊళ్లోని స్పార్క్‌బ్రూక్ ప్రాంతం మీద సామాజిక శాస్త్రవేత్తలు జాన్ రెక్స్, రాబర్ట్ మూర్ 1967లో వెలువరించిన అధ్యయనం ఈ గుట్టు విప్పింది. రెండేళ్లకు ప్రభుత్వం వేసిన కలింగ్‌వర్త్ కమిటీ కూడా, మనుషుల నడవడికి మార్కులు వేయడం కౌన్సిళ్ల పని కాదని తప్పుబట్టింది.

1966లో బీబీసీ ప్రసారం చేసిన కెన్ లోచ్ నాటకం ‘క్యాథీ కమ్ హోమ్’ ఇల్లు పోగొట్టుకుని, చివరికి పిల్లలను కూడా పోగొట్టుకున్న తల్లి కథ. దేశం కదిలింది, చట్టం కదలడానికి మాత్రం పదకొండేళ్లు పట్టింది. లిబరల్ ఎంపీ స్టీఫెన్ రాస్ ప్రైవేటు బిల్లుగా తెచ్చిన 1977 చట్టంతో పిల్లలున్నవాళ్లు, గర్భిణులు, వృద్ధాప్యం వల్లో జబ్బు వల్లో నిస్సహాయులైనవాళ్లు నిలువ నీడ కోల్పోతే ఆదుకునే బాధ్యత కౌన్సిల్‌పై పడింది. కావాలని ఇల్లు వదులుకున్నవాళ్లకు మాత్రం ఆ రక్షణ పూర్తిగా దక్కదు.

ఆ మెలికను తూర్పు లండన్‌లోని టవర్ హ్యామ్లెట్స్ కౌన్సిల్ 1980ల్లో ఎలా వాడిందో చూడండి. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలకు అక్కడ ఇల్లుంది కాబట్టి, దాన్ని వదిలి రావడం కావాలని చేసిన పనే అంది. మరోవైపు స్థానికుల పిల్లలకే ముందు ఇల్లన్న విధానం తెచ్చింది. పక్కనే ఉన్న హాక్నీలో దగా ఇంకో రకం. అవసరం ఒకటే అయినా మంచి ఇళ్లు తెల్లవాళ్లకు, నాసిరకం ఇళ్లు నల్లవాళ్లకు వెళ్తున్నాయని జాతి సమానత్వ కమిషన్ 1984 నివేదికలో తేల్చింది.

ఈలోగా పంచే ఇళ్లే తరిగిపోయాయి. 1980లో థాచర్ ప్రభుత్వం, ఉంటున్న కౌన్సిల్ ఇంటిని రాయితీ ధరకు కొనుక్కోవచ్చంది. ఇంగ్లండ్‌లో ఇప్పటిదాకా అలా అమ్ముడైనవి దాదాపు 20 లక్షలు. వాటి స్థానంలో కట్టినవి ఏ మూలకూ చాలవు. రేవు తప్పింది ఇక్కడేనని చెప్పక తప్పదు. ఇళ్లు ఉంటే నియమాల్లో లోపం కొంత సరిదిద్దుకోవచ్చు, లేనప్పుడు ఎంత తెలివైన నియమమైనా ఎవరినో ఒకరిని వెనక్కి నెట్టడానికే పనికొస్తుంది.

2000 తర్వాత నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పద్ధతిని తెచ్చుకున్నారు. ఖాళీ ఇళ్లను ప్రకటిస్తారు, నచ్చినదానికి దరఖాస్తుదారు బిడ్ వేస్తారు, వరుసలో ముందున్నవారికి ఇల్లు. ఈస్ట్ హామ్ పుణ్యమా అని మనవాళ్లకు తెలిసిన న్యూహామ్‌లో ఇలాంటి పద్ధతే కోర్టుకెక్కింది. ప్రాధాన్యం ఉన్నవాళ్లందరినీ ఒకే గుంపులో వేసి, ఎవరు ఎక్కువ కాలం ఎదురుచూస్తే వాళ్లకిస్తే, ఎక్కువ కష్టంలో ఉన్నవాడికి న్యాయమేదని ఒక కుటుంబం అడిగింది. కష్టాలను తూచడం తమ పని కాదని, కౌన్సిల్ పద్ధతి చెల్లుతుందని అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ 2009లో తీర్పిచ్చింది. అన్నట్టు, అక్కడ చదువు వీసా, ఉద్యోగ వీసాల మీద ఉంటున్న మన పిల్లలకు మామూలుగా ఈ జాబితాలో చోటే ఉండదు.

2011 లోకలిజం చట్టం, జాబితాలోకి ఎవరిని రానివ్వాలో చాలావరకు కౌన్సిళ్లకే వదిలేసింది. స్థానికత నిబంధనలు మళ్లీ తలెత్తాయి. 2012లో 18.5 లక్షలున్న జాబితా ఆరేళ్లలో 12 లక్షల లోపుకు దిగింది. జనానికి ఇళ్లు దొరికి కాదు, చాలామంది పేర్లు కొట్టేసి. లండన్‌లోని హిల్లింగ్‌డన్ కౌన్సిల్ ఏకంగా పదేళ్ల నివాసం ఉండాలంది. ఐరిష్ సంచార కుటుంబాలూ శరణార్థులూ పదేళ్లు ఒకే చోట ఎలా చూపించగలరు? ఈ వివక్షకు కౌన్సిల్ సరైన కారణం చూపలేదని అప్పీలు కోర్టు 2019లో తేల్చింది.

2024 మార్చి నాటికి ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ల జాబితాల్లో ఉన్న కుటుంబాలు 13 లక్షల 30 వేలు.