గాదంకి మీద పచ్చగీత

పొద్దుగూకి రెండు గంటలైంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే రోడ్డు మీద, గాదంకి దగ్గర టీ కొట్టు ముందు నిలబడ్డాం. కొండల మీంచి చల్లగాలి వీస్తోంది. ఒక చేతిలో టీ గ్లాసు కాలుతోంది, ఇంకో చేతిలో ఫోన్ వెలుగుతోంది. తెర మీద 1931 నాటి కాగితం.

'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్' ఆరో సంపుటం, 353వ పేజీ. వేళ్లతో పెద్దది చేస్తే పేర్లు రెండూ దగ్గరికొస్తాయి: రామన్, భగవంతం.

సూరి భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టారు. రామన్ ఎఫెక్ట్ బయటపడిన 1928లోనే, డిగ్రీ పూర్తికాగానే కలకత్తా వెళ్లి, బౌబజార్ వీధి 210 నంబరు ప్రయోగశాలలో రామన్ దగ్గర చేరారు. మూడేళ్లకు ఈ కాగితం. వాయువులో అణువులకు తగిలి చెదిరిన కాంతి ఎంత మసకగా ఉంటుందో ఊహించండి. ఆ మసక వెలుగునే ఓపిగ్గా కొలిచి, కాంతి కణమైన ఫోటాన్‌కు స్పిన్ అనే గుణం ఉందని, దాని విలువ 1 అని గురుశిష్యులు చూపించారు. ఆ తర్వాతి ఏడాదే భగవంతం వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. కాంతి చెదరడం మీద ఆయన రాసిన పుస్తకం 1940లో అక్కడినుంచే వచ్చింది.

"ఈపొద్దు లైటు ఏస్తారా నా?" అని అడిగాను.

"మోడం పడితే ఏయరు సామీ. ఈపొద్దు తేటగానే ఉండాది," అన్నాడు కొట్టు ఆయన, టీ తిరగబోస్తూ.

కాసేపటికి చెట్ల వెనక నుంచి పచ్చగీత లేచింది. దారం పట్టి లాగినట్టు నిటారుగా నక్షత్రాల్లోకి పోయింది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వారి లైడార్ అది, లేజర్ కాంతితో గాలిని కొలిచే పరికరం. జపాన్ సహకారంతో 1998లో పెట్టారు. 532 నానోమీటర్ల పచ్చకాంతి, పెట్టిన కొత్తలో సెకనుకు 20 మెరుపులు. పైన గాలి అణువులకు తగిలి వెనక్కి చెదిరిన ఫోటాన్లను టెలిస్కోపు పట్టుకుంటుంది. వాటి లెక్కతోనే 30 నుంచి 80 కిలోమీటర్ల ఎత్తులో వేడి ఎంతో తెలుస్తుంది. భగవంతం కలకత్తా చీకటిగదిలో కొలిచిందీ అణువుల మీద చెదిరిన వెలుగునే.

"అంత పైకి పోయిన ఎలుగు మళ్లీ తిరిగొస్తాదా సామీ?"

"వస్తుంది నా. చానా కొంచెం. అరవై కిలోమీటర్లు పైకి పోయి తిరిగి రావాలన్నా సెకనులో 2,500వ వంతు చాలు. వచ్చినదాన్ని ఒక్కొక్కటిగా లెక్కపెడతారు."

ఆయన కాసేపు పైకి చూశాడు. తర్వాత చెయ్యి చాచి కొట్టులో బల్బు ఆర్పేశాడు. నేనూ ఫోన్ తెర ఆర్పాను. గీత ఇంకా చిక్కగా కనిపించింది.