గోడ మీద పేరు

తనకల్లు వైపు పల్లెల్లో ఉపాధి హామీ అనరు, కరువు పని అంటారు. వేరుశెనగ ఊడ దిగకముందే చేను మాడిపోయిన ఏడు బెంగళూరు బస్సెక్కకుండా కొందరినైనా ఆపింది ఆ పనే. 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తానికీ దాన్ని మొదలుపెట్టింది కూడా ఈ అనంతపురం నేలమీదే, నార్పల మండలం బండ్లపల్లిలో.

పనికంటే దాని లెక్క గొప్పది. కొలతలు కంప్యూటరెక్కితే కూలి అదే కట్టేది. ఆ లెక్కను సామాజిక తనిఖీలో ఊరందరి ముందూ పైకి చదివేవారు: పేరు, చేసిన దినాలు, ముట్టిన కూలి. చచ్చిపోయినవాడి పేరు మస్టర్లో వినబడిందా, సభే లేచి అడిగేది. గోడల మీదా రాసేవారు. అక్షరం రాని మనిషికి తన లెక్క చెవిన పడటం చిన్న సంగతి కాదు. బాహాటమే ఆ ఏర్పాటుకు ప్రాణం. ఆంధ్రను చూసి నేర్చుకోమని మిగతా రాష్ట్రాలకు చెప్పిన రోజులవి.

కూలింది కూడా ఆ బాహాటం వల్లనే. డబ్బు నేరుగా ఖాతాలో పడాలని పేరు పక్కన ఖాతా నంబరు చేరింది, దాని పక్కన ఆధార్. గడులు పెరిగాయి, ఏ గడి ఎవరి కంట పడాలన్న ఆలోచన పెరగలేదు. మన ఇంటి తిన్నె మీద దారినపోయేవాడైనా కూర్చుంటాడు. పడసాల దాకా చుట్టాలొస్తారు. పెట్టె బీగంచెవి మాత్రం ఇంటామె కొంగున ఉంటుంది. ఊరికి కావలసింది దినాలూ కూలీ. ఖాతా నంబరు బ్యాంకుకు తెలిస్తే చాలు. గుంత లోతు కొలిచే టెక్నికల్ అసిస్టెంటుకు ఆధార్‌తో పనేముంది? ఆ మాత్రం గడప యంత్రానికి కట్టలేకపోయారు.

2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక వచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బయటపడి ఉంటాయని అంచనా. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే: ఉపాధి చెల్లింపులది, చంద్రన్న బీమాది. ఆధార్ సంఖ్యను బహిరంగంగా పెట్టకూడదని 2016 చట్టం అప్పటికే చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. అయినా 2018 ఏప్రిల్‌లో పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి మళ్లీ చూపించాడు: 89 లక్షల మంది ఉపాధి కూలీల ఆధార్ సంఖ్యలు. గృహనిర్మాణ సంస్థ సైటులో ఇంకో 1.34 లక్షల మందివి, కులం, మతం, బ్యాంకు ఖాతాలతో సహా. కులాన్ని బట్టి ఇల్లు వెతుక్కునే వీలు! దాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత ఆ పేజీలు మూసేశారులెండి. పాస్‌బుక్కు పోతే కొత్తది ఇస్తారు. ఆధార్ 12 అంకెలు బతికినన్నాళ్లూ అవే. తనిఖీ సభకు ఊళ్లో చాటింపు వేసేవారు. అంకెలు బయటపడ్డ ఈ కబురుకు తప్పెట మోగలేదు.

కూలి తీసుకోవడానికి పోయినామె మిషన్ మీద వేలు పెడుతుంది. పార పట్టి గీతలరిగిన వేలు. తీసుకోదు. కొంగుకు తుడుచుకొని మళ్లీ పెడుతుంది.