అమెరికా నగర ఎన్నికల్లో ప్రాధాన్యత ఓటు

ఒక్కరికే ముద్ర వేసి ఊరుకోకుండా, ఓటరు తనకు నచ్చిన క్రమంలో అభ్యర్థులకు 1, 2, 3 అని అంకెలు వేసే పద్ధతి ప్రాధాన్యత ఓటు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓట్ల లెక్కింపు చూసినవారికి ఇది పరిచయమే. 1969 రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డిపై వి.వి.గిరి గెలుపు తేలింది కూడా రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కపెట్టాకే. అమెరికాలో దీన్ని ముందుగా చేపట్టినవి నగరాలు.

ఒహాయో రాష్ట్రంలోని ఆష్టబ్యులా 1915లో తొలి అడుగు వేసింది. తర్వాత సుమారు రెండు డజన్ల నగరాలు అదే దారి పట్టాయి. వార్డుల ఎన్నికల్లో ఒక్క పార్టీ అన్నీ ఊడ్చుకుపోవడమే అందుకు కారణం. 1935లో న్యూయార్క్‌లో డెమోక్రాట్లకు వచ్చినవి మూడింట రెండు వంతుల ఓట్లు. దక్కినవి మాత్రం 65లో 62 స్థానాలు. మరుసటి ఏడాదే అక్కడి ప్రజలు కొత్త పద్ధతికి ఓటేశారు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైనది సిన్సినాటి. 1925 నుంచి అక్కడ తొమ్మిది మంది కౌన్సిల్ సభ్యులను నగరమంతా కలిసి ఎన్నుకునేది. పోలైన ఓట్లలో పదో వంతు కన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే సీటు ఖాయం. అవసరానికి మించిన ఓట్లు, చివరన నిలిచి తప్పుకున్నవారి ఓట్లు తర్వాతి ప్రాధాన్యం ప్రకారం ఇతరులకు బదిలీ అయ్యేవి. దాంతో సంఖ్యలో తక్కువైన నల్లజాతి ఓటర్ల మాటకూ బలం వచ్చింది. 1931లో ఫ్రాంక్ హాల్ తొలి నల్లజాతి సభ్యుడయ్యారు. 1955లో మరో నల్లజాతి సభ్యుడు థియోడర్ బెర్రీ ఉప మేయర్ అయ్యారు. మేయర్‌ను కౌన్సిలే ఎన్నుకుంటుంది కనుక, రేపు బెర్రీయే మేయర్ అవుతాడన్న భయాన్ని ఈ పద్ధతి వ్యతిరేకులు ఇంటింటా రేపారు. అంతకుముందు నాలుగుసార్లు రద్దు ప్రయత్నాన్ని తిప్పికొట్టిన నగరం 1957లో లొంగిపోయింది. లెక్కింపు క్లిష్టమన్న వాదనా వినిపించింది గానీ, ఆ పద్ధతిని పడగొట్టినది జాతి ద్వేషమే. పాత తరహాలో జరిగిన ఆ ఏటి ఎన్నికలో బెర్రీ ఓడిపోయారు. ఆయన మేయర్ కావడానికి 1972 దాకా పట్టింది.

న్యూయార్క్ ఇంకా ముందే, 1947లో, కమ్యూనిస్టులు గెలుస్తున్నారన్న సాకుతో దీన్ని వదిలేసింది. 1941లో తొలిసారి ఇలా ఓటేసిన కేంబ్రిడ్జ్ మాత్రం నేటికీ విడవలేదు.

రెండో దశ శాన్‌ఫ్రాన్సిస్కోతో మొదలైంది. అభ్యర్థులెవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే డిసెంబరులో మళ్లీ పోలింగ్ పెట్టాల్సి వచ్చేది. ఆ ఖర్చు, శ్రమ తప్పించేందుకు 2002లో ఓటర్లు ఆమోదించగా, 2004లో అమలైంది. చివరి అభ్యర్థిని తొలగిస్తూ పోయి ఒక్క విజేతను తేల్చడం ఈ దశ ప్రత్యేకత. 2010లో ఓక్లాండ్ మేయర్ ఎన్నికలో మొదటి ప్రాధాన్యంలో సుమారు పది శాతం వెనకబడ్డ జీన్ క్వాన్, బదిలీ ఓట్లతో డాన్ పెరాటాను దాటేశారు. అదే ఏడాది బర్లింగ్టన్ నగరం తాను అనుసరిస్తున్న ఈ పద్ధతిని రద్దు చేసి, 2021లో కౌన్సిల్ ఎన్నికలకు మళ్లీ తెచ్చుకుంది.

2019లో న్యూయార్క్ ఓటర్లు దాదాపు 74 శాతంతో దీన్ని మళ్లీ తెచ్చారు. 2021లో డెమోక్రాట్ల మేయర్ అభ్యర్థిని ఎంచే ప్రైమరీలో సుమారు 1,35,000 నమూనా ఓట్లు అసలు లెక్కలో కలిసిపోయి గగ్గోలు పుట్టింది. అది అధికారుల పొరపాటే తప్ప పద్ధతి లోపం కాదు. సరిచేశాక ఎరిక్ ఆడమ్స్ 7,197 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. నగరంలో ఇది ప్రైమరీలకు, ప్రత్యేక ఎన్నికలకే పరిమితం. నవంబరు సాధారణ ఎన్నికలో ఒక్కరికే ఓటు.