పొలానికి వెళ్లే రైతు జేబులో మడత చాకు: మొదటిసారి కొనేవారికి సూచనలు

గోస్పాడు చుట్టుపక్కల కె.సి. కాలువ కింద వరి, నల్లరేగడిలో శనగ, మినుము, పత్తి పండించే రైతుకు పొలంలో రోజుకు పదిసార్లయినా ఏదో ఒకటి కోయాల్సిన అవసరం పడుతుంది. యూరియా సంచి మూతి, పురికొస, డ్రిప్పు పైపు, మందు ప్యాకెట్టు, ఎండిన మొక్క కాండం, ఇలా ఏదైనా కావచ్చు. చాలామంది దీనికి గడ్డం బ్లేడు సగం ముక్కనో, కొడవలినో వాడతారు. ఏమీ లేకపోతే పళ్లతో కొరుకుతారు. మందు ప్యాకెట్టును పళ్లతో చింపడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. మొక్కలు మొక్కలుగా విరిగే కట్టరు బ్లేడుతో ఇంకో చిక్కుంది. విరిగిన ముక్క గడ్డిలో పడి మేతతో పాటు పశువు కడుపులోకి పోతుంది. పశువు ఇనుప ముక్క మింగితే అది కడుపు గోడను గుచ్చుకుని, కొన్నిసార్లు గుండె దాకా వెళ్తుంది. అందుకే ఒక మంచి మడత చాకు కొని దగ్గర పెట్టుకోవడం మేలు.

చాకుతో తెగులు గుర్తించడం

చాకు కోయడానికే అనుకుంటాం గానీ, పొలంలో దాని పెద్ద ఉపయోగం చూడటం. శనగ చేలో అక్కడక్కడా మొక్కలు వాడిపోతుంటే వెంటనే మందుల అంగడికి పరుగెత్తకండి. వాడిన మొక్కను వేరుతో సహా పీకి, వేరు మొదలు దగ్గర చాకుతో నిలువుగా చీల్చండి. పైకి వేరు బాగానే ఉండి, లోపలి నాళాల్లో గోధుమ లేదా నల్లటి చార కనిపిస్తే అది ఎండు తెగులు. లోపల చార లేకుండా, వేరు పెళుసుగా విరిగి, పిల్లవేర్లు రాలిపోయి, పీకినప్పుడు తల్లివేరు కింది భాగం నేలలోనే ఉండిపోతే అది వేరుకుళ్లు. ఎండ ముదిరి, నేలలో తేమ తగ్గినప్పుడు వేరుకుళ్లు ఎక్కువవుతుంది. వీలుంటే అప్పుడు ఒక తేలికపాటి తడి ఇస్తే నష్టం తగ్గుతుంది. ఎండు తెగులుకు మాత్రం ఆ దశలో పైన పిచికారీ చేసి లాభం లేదు. వచ్చే ఏడాది తట్టుకునే రకం, విత్తనశుద్ధి, పంటమార్పిడి, ఇవే దారి. రెండింటికీ ఒకే మందు కొట్టి డబ్బు పోగొట్టుకున్న రైతులు మన దగ్గర తక్కువేమీ లేరు. చీల్చి చూడటానికి పట్టేది అర నిమిషం.

పత్తిలో గులాబీ రంగు పురుగుకూ ఇదే పద్ధతి. పైకి నున్నగా కనిపించే కాయ లోపల పురుగు ఉండొచ్చు. చేలో అక్కడక్కడా 20 పచ్చికాయలు కోసి చూడండి. రెండింటిలో పురుగు గానీ, పురుగు తిన్న గుర్తు గానీ ఉంటే పది శాతం అయినట్టే, నివారణ మొదలుపెట్టాలి. కాయను అరచేతిలో పెట్టుకుని కోయొద్దు, గట్టు మీద రాయిపైన పెట్టి కోయండి. వరిలో మొవ్వు ఎండిన పిలకను చీలిస్తే లోపల కాండం తొలిచే పురుగు దొరుకుతుంది.

ఎలాంటిది కొనాలి

బ్లేడు రెండున్నర నుంచి మూడు అంగుళాలు ఉంటే చాలు. మొదటిసారి కొనేవాళ్లు పెద్దదే కొంటారు, నెల తిరక్కుండా ఇంట్లో వదిలేస్తారు. పంచె కట్టే రైతుకు లోపలి డ్రాయరు జేబులో పట్టేంత ఉండాలి. చొక్కా పైజేబు వద్దు. కాలువలో చేతులు కడుక్కోవడానికి వంగితే చాకు నీళ్లలో ఉంటుంది.

ఉక్కు విషయానికి వస్తే, స్టెయిన్‌లెస్‌కు తుప్పు తొందరగా పట్టదు, కానీ చౌక రకాలు పదును నిలబెట్టవు. మామూలు కార్బన్ ఉక్కుకు పదును తేలిగ్గా వస్తుంది. తడిగా వదిలేస్తే మాత్రం రెండు రోజుల్లో తుప్పు కనిపిస్తుంది. తుడిచే అలవాటున్న రైతుకు కార్బన్ ఉక్కు, లేని రైతుకు స్టెయిన్‌లెస్. ఊరి కమ్మరి లారీ కమాను పట్టీతో కొట్టి ఇచ్చే కత్తి కూడా కార్బన్ ఉక్కే. అతను మడత చాకు చేయకపోవచ్చు. చిన్న కత్తి చేయించుకుని తోలు ఒర కుట్టించుకున్నా పని జరుగుతుంది. విరిగేందుకు కీలే ఉండదు కాబట్టి ఒక రకంగా అదే గట్టి.

మడత చాకు చేతిలోకి తీసుకున్నప్పుడు ముఖ్యంగా చూడాల్సింది తాళం. తెరిచాక బ్లేడు వెనుక నుంచి అరచేత్తో మెల్లగా నొక్కండి. మడుచుకుపోతే, గట్టి పైపు గుచ్చేటప్పుడు అది మీ వేళ్ల మీదే మూసుకుంటుంది. బ్లేడును పక్కలకు కదిపితే ఊగకూడదు. ఫ్రాన్సులో సవోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చెక్క పిడి చాకు రైతుల చాకుగానే పేరు తెచ్చుకుంది. 1955లో దానికి బ్లేడును నిలిపే ఒక ఇనుప ఉంగరం చేర్చారు. ఒక చెక్క, ఒక బ్లేడు, ఒక ఉంగరం, అంతే. మీరు కొనేది ఏ కంపెనీదైనా అంత సాదాగా ఉంటే చాలు. పది పనిముట్లు ఒకే పిడిలో ఉన్నవి చూడముచ్చటగా ఉంటాయి, కానీ బురద పట్టాక తెరుచుకోవు. మీట నొక్కగానే బ్లేడు ఎగిరి తెరుచుకునే రకం జోలికి పోవద్దు.

చట్టం, చూసేవాళ్ల కళ్లు

మన ప్రాంతంలో కత్తి అనగానే అందరి ముఖాలూ మారతాయి. కక్షల కథలు విన్నవాళ్లమే కదా. ఆయుధాల చట్టం 1959, దాని కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం 9 అంగుళాలకు మించి పొడవు గానీ, 2 అంగుళాలకు మించి వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికీ, వ్యవసాయానికీ తయారైనవాటికి అందులో మినహాయింపు ఉంది. మూడు అంగుళాల చాకు ఆ కొలతలకు చాలా దూరం. అయినా ఎన్నికల సమయంలో, నిషేధాజ్ఞలు ఉన్నప్పుడు, కోర్టుకో పోలీసు స్టేషనుకో వెళ్లేటప్పుడు, పంచాయతీలో మాటా మాటా పెరిగే చోటికి పోయేటప్పుడు చాకును ఇంట్లో వదిలి వెళ్లండి. విమానంలో చేతి సంచిలో పెట్టనివ్వరు.

పదును

మొద్దు చాకే ఎక్కువగా తెగ్గొడుతుంది, ఎందుకంటే బలం పెట్టి నొక్కుతాం, అది జారుతుంది. సానరాయిని నీళ్లతో తడిపి, బ్లేడు వెడల్పులో మూడో వంతు ఎత్తుకు వెన్ను లేపి పట్టుకోండి. అప్పుడు దాదాపు 20 డిగ్రీల కోణం వస్తుంది. రెండు వైపులా సమానంగా, ఒకే కోణంలో లాగాలి. కోణం మారుతూ పోతే గంటసేపు రుద్దినా పదును రాదు. సైకిల్ మీద సాన పట్టేవారి దగ్గర ఇస్తే పక్కనే నిలబడి చూడండి. నిప్పురవ్వలు ఎగిరేలా ఎక్కువసేపు పెట్టి వాదర నీలం రంగుకు తిరిగితే ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఆ చాకుకు ఇక పదును నిలవదు. పని అయ్యాక గుడ్డతో తుడిచి, కీలు దగ్గర ఒక చుక్క నూనె వేయండి.

జాగ్రత్తలు

మందు ప్యాకెట్లు కోసే చాకుతో మామిడికాయ, ఉల్లిగడ్డ కోయకూడదు. కడిగితే పోతుంది అనుకోవద్దు, కీలు సందులో మందు ఉండిపోతుంది. వీలైతే రెండు చాకులు ఉంచుకుని, మందు చాకు పిడికి ఎర్ర దారం కట్టండి. చదువు రాని కూలీకి కూడా అర్థమవుతుంది.

చెరకు ముచ్చెలు కోసే కత్తి వల్ల పిలకల్లో గిడసబారే తెగులు, పొగాకు తలలు తుంచేటప్పుడు చాకు వల్ల, చేతుల వల్ల మొజాయిక్ వైరస్ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోతాయి. జబ్బు మొక్కను కోశాక, తొమ్మిది పాళ్ల నీళ్లలో ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం కలిపి చాకును కాసేపు ముంచి, మంచినీటితో కడిగి తుడవాలి. కడగకపోతే బ్లీచింగే తుప్పు పట్టిస్తుంది.

మోటారు స్టార్టరు దగ్గర చాకుతో వైరు తొక్క తీయాలనిపిస్తే ముందు ఫ్యూజులు పీకి చేతిలో పెట్టుకోండి. కరెంటు పోయింది కదా అనుకోవద్దు, మీరు వైరు పట్టుకుని ఉండగానే వస్తుంది.

చెయ్యి తెగితే శుభ్రమైన నీళ్లు, సబ్బుతో కడిగి, గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మట్టి, పసుపు, కాఫీపొడి వేయొద్దు. పొలం మట్టిలో, పేడలో ధనుర్వాతం సూక్ష్మజీవులు ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా గురించి అడగండి. కోసేటప్పుడు బ్లేడు మీ వైపు కాకుండా అవతలికి పోయేలా పట్టుకోండి. చాకును ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మూసి ఇవ్వండి.

చివరగా, నల్లమట్టిలో నల్ల పిడి చాకు పడితే దొరకదు. పిడికి రంధ్రం ఉంటే జానెడు రంగు నైలాను తాడు కట్టి, రెండో కొసను మొలతాడుకు ముడి వేసుకోండి.