చూసింది నిజమే, చెప్పిందే తప్పు

ఆకు వదిలే ఆక్సిజన్ నీటిలోదా, కార్బన్ డయాక్సైడ్‌లోదా? 1941 నాటికే ఈ తగువు దాదాపు తేలిపోయింది. ఆ ఏడాది అమెరికాలోని బర్కిలీలో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్ బృందం బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటిని క్లోరెల్లా నాచుకు పట్టి, వెలువడిన వాయువులో నీటి గుర్తే ఉందని చూపింది. అంతకు కొద్దికాలం ముందు కేంబ్రిడ్జిలో రాబర్ట్ హిల్, ఆకు నుంచి వేరుచేసిన హరితరేణువులకు ఎలక్ట్రాన్లు పుచ్చుకునే ఇనుప లవణం ఇస్తే చాలు, వెలుగులో ఆక్సిజన్ వస్తుందని నిరూపించాడు.

బెర్లిన్‌లో ఓటో వార్‌బర్గ్ మాత్రం ఒప్పుకోలేదు. 1931లో నోబెల్ అందుకున్న మనిషి, పైగా మహా మొండి. మరో తగువులో, ఒక ఆక్సిజన్ అణువు వెలువడటానికి నాలుగు కాంతి క్వాంటాలు చాలన్నాడు. ఆయన దగ్గరే డాక్టరేట్ చేసిన రాబర్ట్ ఎమర్సన్ ఎనిమిదికి తగ్గవన్నాడు. శిష్యుడి లెక్కే నిలిచింది.

అయితే 1958 ప్రాంతంలో వార్‌బర్గ్, గుంతర్ క్రిప్పాల్ చేసిన ప్రయోగాన్ని తోసెయ్యడానికి లేదు. హరితరేణువులకు ఎలక్ట్రాన్లు పుచ్చుకునే క్వినోన్ అందించి, పాత్రలోని కార్బన్ డయాక్సైడ్‌ను క్షారంతో పీల్చేశారు. ఆక్సిజన్ రావడం బాగా తగ్గింది. కార్బన్ డయాక్సైడ్ తిరిగి ఇవ్వగానే పుంజుకుంది. ఇంకేం, ఆక్సిజన్ దాన్నుంచే పుడుతోందని వార్‌బర్గ్ తీర్మానించాడు. 1970లో కన్నుమూసేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

చిక్కుముడి విప్పినవారిలో మనవారొకరున్నారు. అలహాబాద్ నుంచి 1956లో ఇల్లినాయ్ వెళ్లి ఎమర్సన్ దగ్గర చేరిన గోవిందజీ. అంటే వరసకు వార్‌బర్గ్ ప్రశిష్యుడే! 1970లలో ఆయన, అలన్ స్టెమ్లర్, థామస్ విడ్రిజిన్‌స్కీ ఆ ప్రయోగాన్నే మరో దారిలో పట్టుకున్నారు. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే ఏర్పడే బైకార్బొనేట్‌ను ఫార్మేట్ లవణంతో తరిమేస్తే ఎలక్ట్రాన్ల నడక కుంటుపడింది, కాస్త బైకార్బొనేట్ కలిపితే మళ్లీ సాగింది. మరి అడ్డు ఎక్కడ? 1975లో క్లోరోఫిల్ ప్రతిదీప్తి అసలు గుట్టు చెప్పింది: నీరు చీలే చోట కాదు, ఎలక్ట్రాన్లను అందుకునే అవతలి కొసన.

అక్కడ క్యూఏ, క్యూబీ అనే రెండు క్వినోన్లు, వాటి నడుమ ఒక ఇనుప పరమాణువు ఉంటాయి. క్యూబీ ఇద్దరు ఎక్కితేగాని కదలని పడవ లాంటిది: రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు అందాకే రేవు వదులుతుంది. బైకార్బొనేట్ ఆ ఇనుమును పట్టుకుని ఉండి, ప్రోటాన్లు చేరేందుకు దారి చూపుతుంది. 2011లో జపాన్‌లో షెన్, కామియా బృందం 1.9 ఆంగ్‌స్ట్రామ్ స్పష్టతతో తీసిన స్ఫటిక చిత్రంలో అది అక్కడే కనిపించింది, నీటిని చీల్చే మాంగనీస్ గుంపు దగ్గర కాదు.

2016లో లండన్‌లో రూథర్‌ఫోర్డ్ బృందం ఇంకో ముడి విప్పింది. క్యూఏ దగ్గర ఎలక్ట్రాన్లు పేరుకుపోతే బైకార్బొనేట్ పట్టు సడలుతుంది. అది ఊడిపోతే క్యూఏ రెడాక్స్ పొటెన్షియల్ సుమారు 75 మిల్లీవోల్టులు పెరుగుతుంది. దాంతో కణాన్ని కాల్చే సింగ్లెట్ ఆక్సిజన్ పుట్టుక తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ కరువైనప్పుడు ఆకు తన్ను తాను కాపాడుకునే ఏర్పాటు ఇదేనని వారి వాదన.

ఇంటర్ పిల్లలున్న ఇల్లయితే, వృక్షశాస్త్రం పుస్తకంలో ఎలక్ట్రాన్ల నడక చూపే జెడ్-పథకం బొమ్మ తీయండి. చాలా బొమ్మల్లో బైకార్బొనేట్ జాడ ఉండదు. రెండు క్వినోన్ల నడుమ పెన్సిల్‌తో రాయించండి.